మధ్యలో చుక్క లేని వృత్తం

మా నాన్న రైల్వేలో గ్యాంగ్ మేటుగా, అంటే పట్టాలు సరిచూసే జట్టుకు పెద్దగా, పనిచేశారు. మేమున్న క్వార్టర్‌కు అర కిలోమీటరు అవతల లైను పెద్ద వంపు తిరిగేది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం నాన్నకు క్యారియర్ అందించి రావడం నా పని. అలా వెళ్ళినప్పుడు ఒక దృశ్యం చాలాసార్లు చూశాను. ఇద్దరు మనుషులు వంపులో బయటివైపు పట్టాకు లోపలి అంచున నైలాన్ దారాన్ని ఆనించి, బిగలాగి పట్టుకునేవారు. దారం సరిగ్గా 20 మీటర్లు. దాని నడిమధ్యలో ఇంకొకరు గొంతుకూర్చుని, దారానికీ పట్టాకూ మధ్య ఎంత సందు ఉందో స్కేలుతో చూసి అంకె అరిచేవారు. ఇన్‌స్పెక్టరు గారు పుస్తకంలో రాసుకునేవారు. తర్వాత అందరూ 10 మీటర్లు ముందుకు జరిగేవారు. మళ్ళీ దారం, మళ్ళీ స్కేలు, మళ్ళీ అంకె. యాభై ఏడు. యాభై ఆరు. యాభై ఎనిమిది. యాభై ఏడు. కంకర మీద నుంచి సెగ లేచే ఎండలో, మిల్లీమీటర్ల లెక్క.

"ఈ పట్టా దేని చుట్టూ తిరుగుతోంది నాన్నా?" అని ఒకరోజు అడిగాను. వృత్తానికి కేంద్రం ఉంటుందని అప్పటికే బడిలో చెప్పారు. వృత్తలేఖిని ముల్లు గుచ్చిన చిల్లు నా నోటుపుస్తకంలో పది పేజీల లోతుకు దిగేది కూడా. నాన్న చెయ్యెత్తి పొలాల వైపు చూపించారు. "అటు ఎక్కడో, ఆ తాటిచెట్లు దాటాక ఉంటుంది. దానితో మనకేమి పనిరా?"

ఆ మాటలో ఎంత గణితం ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మధ్యలో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం వచ్చి అడ్డం పడింది.

గణితం 2బి పుస్తకంలో మొదటి పాఠమే వృత్తం. మా లెక్చరరు మొదటి రోజే బోర్డు మీద ఈ వరుస రాశారు: ఎక్స్² + వై² + 2జీఎక్స్ + 2ఎఫ్‌వై + సీ = 0. కేంద్రం (−జీ, −ఎఫ్). వ్యాసార్థం √(జీ² + ఎఫ్² − సీ). ఆ వెంటనే మంత్రోపదేశం చేశారు: "కేంద్రం కావాలంటే ఎక్స్ ముందున్నదీ వై ముందున్నదీ సగం చెయ్యండి, గుర్తు మార్చండి. అంతే." తరగతిలో 80 మందిమి ఆ ముక్కను గుండెలకు హత్తుకున్నాం. ఎందుకు సగం, ఎందుకు గుర్తు మార్చాలి అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగాలని తోస్తే గదా!

ఆ మంత్రం తప్పు కాదు. తప్పయి ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టుకునేవారు. అది ప్రతిసారీ పనిచేస్తుంది, వేసిన ప్రతి లెక్కకూ సరైన జవాబు ఇస్తుంది, అందుకే దాని వెనక ఏముందో చూడాలనే కోరికను పుట్టకముందే చంపేస్తుంది. నా ఫిర్యాదంతా ఇదే. వృత్త సమీకరణాన్ని మన పిల్లలకు ముసుగు వేసి పరిచయం చేస్తున్నాం, ఆ ముసుగు తీయకుండానే ఏడాదంతా గడిపేస్తున్నాం. ముసుగు లోపల ఉన్నది ఎనిమిదో తరగతి పిల్లవాడికైనా తెలిసిన ఒకే ఒక్క మాట: ఈ చోటు నుంచి ఇంత దూరం.

ఒక వృత్తాన్ని తీసుకుని దగ్గరగా చూద్దాం. ఇక్కడ చాలావరకు దీన్నే వాడతాను, ఎవరికైనా కాగితం మీద వేసి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఎక్స్² + వై² − 6ఎక్స్ + 4వై − 12 = 0

మొదట ఎక్స్² − 6ఎక్స్ సంగతి. ఎక్స్ పొడవు, ఎక్స్ వెడల్పు ఉన్న చదరపు గుడ్డ ఒకటి ఉందనుకోండి. దాని కుడి అంచున 3 వెడల్పున్న పట్టీ ఒకటి, కింది అంచున 3 వెడల్పున్న పట్టీ ఒకటి కత్తిరించాలి. ఒక్కొక్క పట్టీ వైశాల్యం 3ఎక్స్, రెండూ కలిసి 6ఎక్స్. అయితే కుడి కింది మూలలో ఉన్న 3×3 ముక్క రెండు పట్టీల్లోనూ ఉంది, కాబట్టి దాన్ని రెండుసార్లు తీసేసినట్టు లెక్క వచ్చింది. న్యాయంగా ఒకసారి తిరిగి కలపాలి. 9 కలిపితే సరిగ్గా (ఎక్స్ − 3)² మిగులుతుంది. సాధారణ రూపంలో 2జీ అని ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే, అది ఈ రెండు పట్టీల రెండు. "సగం చెయ్యి" అన్న మంత్రానికి అర్థం ఒక్క పట్టీ వెడల్పు ఎంతో చూడమని. వై వైపు కూడా ఇదే కథ. అక్కడ పట్టీలు కత్తిరించడానికి బదులు అతికిస్తాం, మూలలో లోటు పడిన 4 పూడుస్తాం.

9, 4 ఎడమవైపు కలిపాం గనుక కుడివైపూ కలపాలి. 12 అటు వెళ్ళింది. మొత్తం 25.

(ఎక్స్ − 3)² + (వై + 2)² = 25

ఇప్పుడు దీన్ని గట్టిగా చదవండి. (3, −2) నుంచి అడ్డంగా ఎంత దూరం ఉందో దాని వర్గం, నిలువుగా ఎంత దూరం ఉందో దాని వర్గం, రెండూ కలిపితే 5 వర్గం. లంబకోణ త్రిభుజం, కర్ణం 5. (3, −2) నుంచి 5 దూరంలో ఉన్న బిందువులన్నీ అని సమీకరణం మనకు తెలుగులోనే చెబుతోంది. గుర్తు ఎందుకు మారిందో వేరే చెప్పనక్కరలేదు. వై + 2 సున్న కావాలంటే వై −2 కావాలి.

అన్నట్టు, ఆ చివరి −12 స్థానంలో 20 ఉంటే కుడివైపు −7 వచ్చేది. రెండు వర్గాల మొత్తం రుణసంఖ్య కాలేదు. సమీకరణం ఉంటుంది, దాని మీద నిలబడే బిందువు ఒక్కటీ ఉండదు. మా పుస్తకం దానికి కల్పిత వృత్తమని గంభీరమైన పేరు పెట్టి ముందుకు వెళ్ళిపోయింది.

ఇంతవరకు చాలామంది మంచి ఉపాధ్యాయులు చెబుతారు. అసలు రుచి ఉన్నది దీని తర్వాతి మెట్టులో, దాన్నే అందరూ దాటవేస్తారు.

సమీకరణాన్ని నేను చెక్‌పోస్టులా చూస్తాను. తలంలోని ఏ బిందువైనా వచ్చి తన రెండు నిరూపకాలూ చెప్పుకోవాలి. వాటిని ఎడమవైపు పెట్టి లెక్క కడతాం. (6, 2) వచ్చింది: 36 + 4 − 36 + 8 − 12, అంటే సున్న. అంచు మీదిది. మూలబిందువు వచ్చింది: అన్నీ సున్నలే, −12 మిగిలింది. రుణం వచ్చింది గనుక లోపలిది. (15, 3) వచ్చింది: 225 + 9 − 90 + 12 − 12. మొత్తం 144. ధనం, కాబట్టి బయటిది. పుస్తకాల్లో ఈ మిగులు సంఖ్యకు ఎస్₁₁ అని పేరు. సున్న వచ్చిందా, ధనమా, రుణమా అని చూసి, సంఖ్యను చెత్తబుట్టలో వేయడం మనకు అలవాటు. 144ను పారేస్తామా?

ఆ 144 ఏమిటో చూడండి. ఎడమవైపు ఉన్నదంతా కేంద్రం నుంచి దూరం వర్గంలోంచి వ్యాసార్థం వర్గాన్ని తీసేసినదే. (15, 3) నుంచి కేంద్రానికి దూరం 13. 169 − 25 = 144. ఇప్పుడు (15, 3) నుంచి వృత్తానికి స్పర్శరేఖ గీస్తే అది తాకిన చోట వ్యాసార్థానికి లంబంగా ఉంటుంది. కర్ణం 13, ఒక భుజం 5, మిగిలిన భుజం 12. ఆ 12కు వర్గమే 144. కావాలంటే గీసి చూసుకోండి: (15, 3) నుంచి అడ్డంగా ఎడమవైపుకు నడిస్తే 12 అడుగుల తర్వాత (3, 3) దగ్గర వృత్తం నెత్తిని సరిగ్గా తాకుతాం.

ఇదే బిందువు నుంచి నేరుగా కేంద్రం గుండా వెళ్ళామనుకోండి. వృత్తం మొదట 8 దూరంలో తగులుతుంది, కేంద్రం దాటి అవతల 18 దూరంలో మళ్ళీ తగులుతుంది. 8 ఇంటూ 18, 144. ఏ దిక్కుకు గీత గీసినా, అది వృత్తాన్ని రెండుచోట్ల కోస్తే చాలు, ఆ రెండు దూరాల లబ్ధం 144. మూలబిందువు దగ్గర మిగిలిన −12 సంగతీ అంతే. నిలువు అక్షం మీద నడిస్తే పైకి 2 దూరంలో ఒక అంచు, కిందికి 6 దూరంలో ఇంకో అంచు. 2 ఇంటూ 6, 12. రెండు అంచులూ ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి గనుక రుణం. సాధారణ రూపంలో చివర అనామకంగా పడి ఉండే సీ అసలు ఎవరంటే ఇదిగో, మూలబిందువు దగ్గర మిగిలే సంఖ్య. నేను దాన్ని ఏడాదిపాటు వందల లెక్కల్లో రాశాను, ఒక్కసారీ ఎవరని అడగలేదు.

ఇంతకూ ఈ సంఖ్యతో ఏమి లాభమంటే, మళ్ళీ పట్టాల దగ్గరికి వెళ్దాం.

దారం 20 మీటర్లు. దాని నడిమి బిందువు వృత్తం లోపల ఉంది. దారం వెంబడి అటు 10 మీటర్లలో పట్టా, ఇటు 10 మీటర్లలో పట్టా. లబ్ధం 100. ఇప్పుడు అదే బిందువు నుంచి దారానికి అడ్డంగా గీత గీస్తే అది కేంద్రం గుండా పోతుంది. ఒకవైపు పట్టాకు ఉన్న సందు 57 మిల్లీమీటర్లు. రెండోవైపు పొలాలు దాటి, వృత్తం అవతలి అంచు దాకా. ఆ అంచులో పట్టా లేదు, రైలు అటు పోదు, అయినా గణితానికి అది ఉంది. ఈ రెండు దూరాల లబ్ధం కూడా 100 కావాలి. 100ను 0.057తో భాగిస్తే 1754 మీటర్ల పైచిలుకు. అది వ్యాసం. సగం చేస్తే వ్యాసార్థం దాదాపు 877 మీటర్లు. రైల్వేవాళ్ళ భాషలో రెండు డిగ్రీల వంపు. 1750ని డిగ్రీలతో భాగిస్తే మీటర్లలో వ్యాసార్థం వస్తుందని వాళ్ళ లెక్క. అరచేతి వెడల్పు కూడా లేని సందును కొలిచి, దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న కేంద్రం ఎంత దూరమో చెప్పేశారు. ఒక్కరూ పట్టా దిగలేదు.

ఆ సందును వెర్సైన్ అంటారు. గ్యాంగులో అందరికీ ఆ మాట తెలుసు, దాని వెనక ఉన్న త్రికోణమితి తెలిసినవాళ్ళు తక్కువ. కానీ వాళ్ళకు తెలిసిన వృత్త నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. వంపు మొదట్లో అంకెలు సున్న దగ్గర నుంచి మెల్లమెల్లగా పెరుగుతాయి. నేరు లైనులోంచి రైలు కుదుపు లేకుండా వంపులోకి జారడానికి వేసిన వేరే వక్రం అది, వృత్తం కాదు. ఎక్కడి నుంచి అంకె పెరగడం మానేసి ఒకేలా ఉంటుందో అక్కడి నుంచి వృత్తం. ఎంతసేపు అంకె మారకుండా ఉంటే అంతసేపూ వృత్తం. అంకెలు ఎగుడుదిగుడుగా వస్తే పట్టా పక్కకు పోయిందని అర్థం, గడ్డపారలు వేసి జరపాలి. ఒకచోట 10 మిల్లీమీటర్లు బయటికి జరిపితే అక్కడి అంకె 10 పెరుగుతుంది, అటూ ఇటూ ఉన్న అంకెలు చెరో 5 తగ్గుతాయి. "ఇక్కడ లాగితే పక్కవాడు ఏడుస్తాడు" అనేవారు నాన్న. ఇందులో కేంద్రం ప్రస్తావన ఎక్కడైనా ఉందా?

ఒక చిన్న పిట్టకథ. జ్యా అంటే వింటినారి, అల్లెతాడు. చాపం అంటే విల్లు. వృత్త ఖండాన్ని ఎక్కుపెట్టిన వింటిలా చూసి మన పూర్వులు పెట్టిన పేర్లు ఇవి, ఇప్పటికీ మన గణితపుస్తకాల్లో ఉన్నాయి. వింటికీ నారికీ మధ్య ఉన్న ఆ సందుకు వాళ్ళు శరమని పేరు పెట్టారు, బాణం. ఆర్యభటీయం గణితపాదంలో 17వ శ్లోకం ఉంది. మొదటి సగంలో భుజం వర్గం, కోటి (దానికి లంబంగా ఉన్న రెండో భుజం) వర్గం కలిపితే కర్ణం వర్గమని చెప్పాడు ఆర్యభటుడు. రెండో సగంలో, వృత్తంలో జ్యాకు అటూ ఇటూ ఉన్న రెండు శరాల లబ్ధం సగం జ్యా వర్గానికి సమానమని చెప్పాడు. క్రీ.శ. 499 నాటి మాట. ఒకే శ్లోకంలో ముందరి పాదాలు మన వృత్త సమీకరణం, వెనకటి పాదాలు నాన్న చేతిలోని నైలాన్ దారం. ఎక్స్, వై అనే వేషం ఆ తర్వాత పదకొండు వందల ఏళ్ళకు ఫ్రెంచి గణితవేత్తలు ఫెర్మా, డెకార్ట్ చేతుల్లో వచ్చింది. ఆ వేషం గొప్పదే, దాని గురించి కిందనే చెబుతాను. శరం అనే మాటను మాత్రం పాఠంలోంచి ఎందుకు తీసేశామో నాకు అర్థం కాదు. జ్యా, చాపం ఉంచుకుని బాణాన్ని పారేసిన విలుకాడు మనమే అయి ఉంటాం.

నేను ఇలా మాట్లాడితే మా కళాశాల స్నేహితుడొకడు నవ్వుతాడు. వాడు ఇప్పుడు కోచింగ్ సెంటర్లో గణితం చెబుతున్నాడు. "ఎంసెట్ అను, ఈఏపీసెట్ అను, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అందులో 80 గణితమే. నీ గుడ్డముక్కలు కత్తిరిస్తూ కూర్చుంటే పిల్లవాడి సీటు పోతుంది" అంటాడు. వాడిది చెత్తవాదన కాదు. రోజూ వందమంది తల్లిదండ్రుల మొహాలు చూసేది వాడు, నేను కాదు. పరీక్ష హాల్లో వేగం కావాలి, వేగానికి అలవాటు కావాలి, ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది ఏమిటంటే, సూత్రాలు బట్టీపడితే వేగం వస్తుందన్న మాట. నిరుడు మా మేనల్లుడు పరీక్షల ముందు మా ఇంట్లో వారం ఉన్నాడు. గోడకు ఒక సూత్రాల చార్టు అంటించుకున్నాడు. ఎక్స్ అక్షం మీద అంతరఖండం, వై అక్షం మీద అంతరఖండం, ఎక్స్ అక్షాన్ని తాకే నియమం, వై అక్షాన్ని తాకే నియమం, స్పర్శరేఖ పొడవు, ఇలా పది పన్నెండు. ఒక సాయంత్రం పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు. ఎక్స్ అక్షం మీద అంతరఖండం 2√(జీ² − సీ)నా, 2√(ఎఫ్² − సీ)నా అని సందేహం.

"ఎక్స్ అక్షం మీద నిలబడ్డావు. వై ఎంత?" అన్నాను.

"సున్న."

"సమీకరణంలో వై తీసేసి ఏమి మిగిలిందో చూడు."

చూశాడు. ఎక్స్² + 2జీఎక్స్ + సీ. "ఇక్కడ ఎఫ్ ఊసే లేదు మామయ్యా!" అన్నాడు. వర్గసమీకరణం, రెండు మూలాలు, వాటి మధ్య దూరం. వాడికి అవన్నీ పదో తరగతి నుంచీ వచ్చు. రెండు మూలాలూ ఒకటైతే తాకడం. చార్టులో నాలుగు వరుసలు ఆ ఒక్క నిమిషంలో రాలిపోయాయి. ఆ మర్నాడు చార్టు చించేశాడని రాయాలని ఉంది, కానీ చించలేదు. పరీక్షయ్యేదాకా గోడ మీదే ఉంది. భయం అంత తేలిగ్గా పోదు.

సాధారణ రూపం మీద నాకు కోపమని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. దానికో సొగసు ఉంది, దాన్ని దాచి మరీ చెబుతాం, అదీ బాధ. మూడు బిందువులు ఇచ్చి వాటి గుండా పోయే వృత్తం కనుక్కోమంటారు గదా. కేంద్రం, వ్యాసార్థం తెలియనివిగా పెట్టుకుంటే వర్గాల అడవిలో పడతాం. అదే జీ, ఎఫ్, సీ పెట్టుకోండి. (0, 2) వేస్తే 4 + 4ఎఫ్ + సీ = 0. (0, −6) వేస్తే 36 − 12ఎఫ్ + సీ = 0. తీసివేయగానే ఎఫ్ 2, సీ −12. (6, 2) వేస్తే 40 + 12జీ + 4ఎఫ్ + సీ = 0, అందులోంచి జీ −3. వర్గాలన్నీ తెలిసిన సంఖ్యల మీద పడ్డాయి, తెలియనివి మూడూ మామూలు ఒకటో ఘాతంలో మిగిలాయి. మన పాత వృత్తమే బయటికొచ్చింది. కేంద్రం ఎక్కడో తెలియనప్పుడు వాడవలసిన రూపం ఇది. చివర్లో, కావాలనిపిస్తే, కేంద్రాన్ని అడగవచ్చు. మన పాఠాలు దీన్ని తిరగేసి, మొదట ఈ రూపం చూపించి వెంటనే కేంద్రం కనుక్కోమంటాయి. ఎందుకు కనుక్కోవాలో చెప్పవు.

కేంద్రం మనం ఊహించని చోట ప్రత్యక్షమయ్యే సందర్భం ఒకటి చెబుతాను. శ్రీరామనవమికి పొలాల మధ్య ఒక పందిరి వేశారు, మైకు పెట్టారు. 300 మీటర్ల అవతల పక్క వీధివాళ్ళు ఇంకో పందిరి వేసి, నాలుగో వంతు శక్తి ఉన్న చిన్న మైకు పెట్టారు. రెండు మైకులూ సమానంగా వినపడి, ఏ కీర్తనా అర్థం కాని చోట్లు ఏవి? దూరం రెట్టింపయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, పెద్ద మైకు నుంచి ఉన్న దూరం చిన్న మైకు నుంచి ఉన్న దూరానికి రెట్టింపు కావాలి. పెద్ద మైకును మూలబిందువు దగ్గర, చిన్నదాన్ని (3, 0) దగ్గర పెడదాం. ఒక్కో గడి 100 మీటర్లు. ఎక్స్² + వై² = 4((ఎక్స్ − 3)² + వై²). విప్పి సర్దితే ఎక్స్² + వై² − 8ఎక్స్ + 12 = 0.

వృత్తం! కేంద్రం (4, 0), వ్యాసార్థం 2. చిన్న మైకుకు 100 మీటర్లు అవతల, ఏ పందిరీ లేని ఖాళీ చోట కేంద్రం. ఈ వృత్తం మీద నిలబడిన భక్తులెవరికీ ఆ కేంద్రంతో సంబంధం లేదు. ఇలాంటి వృత్తాలకు అపొలోనియస్ అనే ప్రాచీన గ్రీకు గణితవేత్త పేరు ఉంది. ఆయన కాలంలో దీన్ని రేఖాగణితంతో రుజువు చేయాలంటే కోణ సమద్విఖండన రేఖల దాకా పోవాలి. మనకు మూడు వరుసలు. వృత్తం కోసం వెతకనే లేదు, దూరాల గురించి ఒక నిజం చెప్పాం, వృత్తం తనంతట తాను వచ్చింది. ఫెర్మా, డెకార్ట్ ఇచ్చిన వేషం గొప్పదని అన్నది ఇందుకే. వృత్తలేఖినికి ఇది చేతకాదు. ముల్లు ఎక్కడ గుచ్చాలో ముందే తెలిస్తే తప్ప అది కదలదు.

మన వర్ణమాలలో రెండు గుండ్రటి బొమ్మలు ఉన్నాయి. తలకట్టు తీసేస్తే ఠ, మధ్యలో చుక్క ఉన్న వృత్తం. పూర్ణానుస్వారం, చుక్క లేని వృత్తం. మనం పిల్లలకు ఠ నేర్పి, సున్న నేర్పామనుకుంటున్నాం. చిత్రమేమిటంటే, ఇన్ని గుండ్రటి అక్షరాలున్న మన లిపిని కంప్యూటర్‌లో చూపించే ఫాంట్లలో ఒక్క అసలైన వృత్తమూ ఉండదు. వాటి గీతలను కట్టే బెజియర్ వక్రాలు వృత్తానికి వెంట్రుకవాసి దగ్గరికి వస్తాయే గాని వృత్తం కాలేవు. మీరు చదువుతున్న ఈ వాక్యంలోని సున్నలు కూడా అలాంటివే. నాన్న దారం వేసి కొలిస్తే అంకెలు నిలకడగా రావు.

నాన్న పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్ళయింది. కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆయనతో ఈ లెక్క చెప్పాను, 57కు 877 మీటర్లు. కాసేపు ఆలోచించి, "ఒక మిల్లీమీటరు తప్పు చదివితేనో?" అన్నారు. అదీ లెక్క వేశాను. 56 అయితే 893, 58 అయితే 862. మిల్లీమీటరుకు కేంద్రం 15 మీటర్లు జరుగుతుంది. "మరి అది ఉన్నట్టా, లేనట్టా?" అన్నారు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఫోనులో మ్యాపు తెరిచి, వంపు నడిమి నుంచి లోపలివైపుకు సూటిగా 877 మీటర్లు కొలిచి గుర్తు పెట్టుకున్నాను. లెవెల్ క్రాసింగ్ దాకా బండి మీద వెళ్ళి, అక్కడి నుంచి గట్ల వెంట నడిచాం. తాటిచెట్లు ఇప్పుడు మూడే మిగిలాయి. అవి దాటాక, మినుము వేసిన ఒక మడిలో ఫోను మీది నీలం చుక్క నా గుర్తు మీదికి వచ్చింది. ఆ మడి కావచ్చు, పక్క మడి కావచ్చు, మిల్లీమీటరు తేడా. దూరంగా గూడ్సు బండి ఒకటి వంపు తిరుగుతోంది. అది తిరుగుతున్నంతసేపూ మాకు అంతే దూరంలో ఉంది.

గట్టు మీద ఉన్న రైతు మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. కొలతల వాళ్ళమనుకుని కంగారు పడ్డాడు, బైపాస్ ఏమైనా వస్తోందా అని అడిగాడు. నేను వృత్తం గురించి మొదలుపెట్టేలోపే నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఈసారి మినుములకు పల్లాకు తెగులు ఎలా ఉందని అడుగుతూ నీడలోకి తీసుకెళ్ళిపోయారు.